పాడవలేదు, పాతదైపోయిందట

మా బీరువా పై అరలో ఒక టాబ్లెట్ ఉంది. స్క్రీన్ మీద గీత పడలేదు. ఛార్జింగ్ పెడితే ఎక్కుతుంది, వైఫై పట్టుకుంటుంది, స్పీకర్ ఖంగుమని మోగుతుంది. దాంతో ఇవాళ చేయగలిగిన పని మాత్రం టైమ్ చూసుకోవడం, అలారం పెట్టుకోవడం. ఏ యాప్ తెరిచినా అప్‌డేట్ చేయమంటుంది. చేయబోతే మీ పరికరంలో ఈ యాప్ పనిచేయదంటుంది. పోనీ బ్రౌజర్ ఉందిగా అనుకుంటే, సెక్యూరిటీ సర్టిఫికెట్ తేడాగా ఉందని సగం సైట్లు గుమ్మంలోనే ఆపేస్తాయి. ఏ సైటును నమ్మాలో చెప్పే మూల సర్టిఫికెట్లు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంటాయి, వాటికి గడువు తేదీలుంటాయి. అప్‌డేట్లు ఆగిపోయిన పరికరానికి కొత్తవి రావు. ఉన్నవి ఒక్కొక్కటిగా చెల్లకుండా పోతాయి.

పాడైన వస్తువును పారేయడానికి పెద్దగా బాధ ఉండదు. ఇది పాడవలేదే! ఎవరో ఎక్కడో కూర్చుని దీని పని అయిపోయిందని తేల్చేశారు. డబ్బు పెట్టి కొన్న నన్ను అడగలేదు సరే, కొనేటప్పుడు చెప్పనైనా చెప్పలేదు.

నా గొడవంతా ఆ చెప్పకపోవడం గురించే. వస్తువు కలకాలం ఉండాలని నేను కోరడం లేదు. ఎన్నాళ్లు ఉంటుందో ముందే చెప్పండి, ఈలోగా పాడైతే బాగు చేసుకోనివ్వండి, అంతే. ఫోన్ కొనాలంటే కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని గంటలకొద్దీ వీడియోలు చూస్తాం. బ్యాటరీ మార్చడం ఎంత కష్టం, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి అన్న సంగతులు ఆ వీడియోల చివర్లో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నాలుగేళ్ల తర్వాత ఆ ఫోన్ జేబులో ఉంటుందా, సొరుగులో ఉంటుందా అన్నది తేల్చేవి మాత్రం అవే.

ముందు బ్యాటరీ సంగతి చూద్దాం. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనకున్న పరిశోధనకు 2019లో జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు కెమిస్ట్రీలో నోబెల్ వచ్చింది. ఎంత గొప్పదైనా అది అరిగే సరుకే, చెప్పుల్లాగా. ఎంత జాగ్రత్తగా నడిచినా అరగక మానదు. బ్యాటరీ లోపల గ్రాఫైట్ మీద ఒక సన్నటి పొర పేరుకుంటూ పోతుంది. అది కొద్దికొద్దిగా లిథియాన్ని తినేస్తుంది. ఫోన్ ముట్టుకోకుండా పక్కన పెట్టినా ఈ పని జరుగుతూనే ఉంటుంది. వేడి తగిలితే, నిండా ఛార్జ్ అయి అలాగే ఉండిపోతే ఇంకా తొందరగా జరుగుతుంది. ఐఫోన్ 14 దాకా వచ్చిన ఫోన్లలో 500 సైకిళ్ల తర్వాత కూడా బ్యాటరీకి 80 శాతం సామర్థ్యం మిగిలేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1000 సైకిళ్లకు పెరిగింది. ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఒక సైకిల్ అయిపోదు, వాడింది మొత్తం కలిపి నూరు శాతమైతే ఒకటి. రోజుకో సైకిల్ వాడేవాళ్లకు 500 అంటే ఏడాదిన్నర కూడా కాదు.

ఇది తెలిశాక కొందరు ఫోనుకు సేవ చేయడం మొదలుపెడతారు. ఇరవైకి దిగనివ్వరు, ఎనభై దాటనివ్వరు, రాత్రి లేచి మరీ ప్లగ్గు పీకుతారు. మా బావ ఈ కోవలోని మనిషే. వాళ్లింట్లో నా ఫోన్ ఛార్జింగ్ పెట్టబోతే "ఆ ఛార్జర్ ఎన్ని వాట్లు?" అని అడిగాకే ప్లగ్గు చూపిస్తాడు. ఇంకో రకం వాళ్లున్నారు, బ్యాటరీని పూర్తిగా దించేసి మళ్లీ పూర్తిగా ఎక్కించాలంటారు. అది నికెల్ కాడ్మియం కాలం నాటి అలవాటు. లిథియం బ్యాటరీకి దాంతో ఒరిగేదేమీ లేదు, పదేపదే సున్నాకు దించడం చేటే. నన్నడిగితే, ఎనభై దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి, ఫోన్‌ను ఎండలోనో దిండు కింద ఛార్జింగ్‌లోనో వదిలేయకుండా చూసుకుంటే చాలు. మిగతాది మర్చిపోవచ్చు. ఎంత సేవ చేసినా చివరికి బ్యాటరీ మార్చాల్సిందే కాబట్టి, మార్చడం ఎంత సులువన్నదే అసలు ప్రశ్న.

అదెంత సులువో కళ్లారా చూశాను. నేను అప్పట్లో వాడిన ఫోన్‌కి స్క్రీన్ ఒక అంచున పైకి లేచింది, గోరు దూరేంత సందు. లోపల ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై గ్యాస్ పుడితే బ్యాటరీ ఇలా ఉబ్బుతుంది. ఆ స్థితిలో ఛార్జింగ్ పెట్టకూడదు, లేచిన స్క్రీన్‌ని వేలితో నొక్కి సర్దకూడదు. రిపేరతను ఫోన్‌ను వేడి పలక మీద పెట్టి జిగురు మెత్తబడేదాకా ఆగాడు. సక్షన్ కప్పుతో స్క్రీన్‌ను కొంచెం లాగి, ఆ సందులో పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి చుట్టూ తిప్పుకుంటూ వచ్చాడు. "రిబ్బన్ తెగితే డిస్‌ప్లే కొత్తది వేయాల్సిందే సార్, ముందే చెబుతున్నా" అన్నాడు. బ్యాటరీ కింద జిగురు పట్టీ ఉంటుంది. కొస పట్టుకుని లాగితే సాగుతూ బయటికి రావాలి. అది సగంలో తెగిపోయింది. అప్పుడు సిరంజితో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంచుల్లోకి వదిలి, కాసేపాగి, ప్లాస్టిక్ కార్డుతో అంగుళం అంగుళం లేపాడు. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే మంట లేస్తుందని తెలిసినవాడిని కాబట్టి నాకు ఒకటే టెన్షన్. అతను మాత్రం ఎవరితోనో కబుర్లు చెబుతూనే పని కానిచ్చాడు. కొత్త బ్యాటరీ అతికించి కనెక్టర్ నొక్కడం చిటికెలో అయిపోయింది. పాతది బయటికి తీయడానికే ఆ అవస్థంతా. చివర్లో ఒక మాట చెప్పాడు, "ఇక దీన్ని నీళ్లకు దూరంగా ఉంచండి సార్, కంపెనీ సీల్ పోయింది."

బ్యాటరీ మారాక ఛార్జింగ్ నిలవడమే కాదు, ఫోన్ చురుగ్గా కూడా అయింది. నా భ్రమేమో అనుకోనక్కర్లేదు, అలా జరిగే ఫోన్లు నిజంగానే ఉన్నాయి. అరిగిన బ్యాటరీ ఒక్క ఉదుటున ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, ప్రాసెసర్ గట్టిగా లాగితే ఫోన్ ఠపీమని ఆగిపోతుంది. అలా ఆగకుండా ఆపిల్ 2017 మొదట్లో ఒక అప్‌డేట్‌తో, బ్యాటరీ అరిగిన కొన్ని ఐఫోన్ల వేగాన్ని తగ్గించింది. ఇంజినీరు కళ్లతో చూస్తే అందులో తప్పు పట్టడానికేం లేదు, మాటిమాటికీ ఆగిపోయే ఫోన్ కంటే మెల్లగా నడిచేదే నయం. కానీ ఎందుకు మెల్లగా నడుస్తోందో వాడేవాళ్లకు తెలియనివ్వలేదు. ఆ డిసెంబరులో సంగతి బయటపడ్డాక సంస్థ క్షమాపణ చెప్పుకుంది, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా కూడా వేసింది. ఫోన్ స్లో అయిపోయిందని కొత్తది కొనుక్కున్నవాళ్లలో ఎందరికి ఒక్క బ్యాటరీతో సరిపోయేదో!

జిగురు ఎందుకయ్యా అంటే, నీళ్లు పోకుండా అంటారు. సన్నగా ఉండాలంటే తప్పదంటారు. సన్నదనం సంగతి ఒప్పుకుంటాను. నీళ్ల సంగతి మాత్రం ఒప్పుకోను. 2014లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 గుర్తుందా? వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. అయినా దానికి ఐపీ67 రేటింగ్ ఉండేది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. మూత లోపలి వైపు రబ్బరు సీల్, అంతే. మరుసటి ఏడాది ఎస్6 వచ్చింది. వెనక అద్దం, బ్యాటరీ లోపలే బందీ. నీటి రేటింగ్ ఏమైందంటే, అది లేదు! నీళ్ల కోసమే మూసేశారన్న వాదన నాకు అందుకే గొంతు దిగదు. అయితే పాపంలో మన వాటా కూడా ఉంది. ఎస్5 ప్లాస్టిక్ మూత చౌకగా ఉందని వెక్కిరించింది కొనేవాళ్లే. అద్దం వీపు కోరుకున్నాం, ఇచ్చారు, దాని మీద మళ్లీ మనమే ప్లాస్టిక్ కవర్ తొడుక్కుంటున్నాం.

ఇప్పుడు జిగురుతో పాటు సాఫ్ట్‌వేర్ తాళం కూడా వచ్చింది. కొన్ని ఫోన్లలో ఒక్కో భాగానికి ఒక్కో గుర్తింపు సంఖ్య ఉంటుంది. అదే మోడల్ ఫోన్ నుంచి తీసిన అసలు సిసలు స్క్రీన్ వేసినా, కంపెనీ సిస్టమ్‌తో జత కలపకపోతే హెచ్చరిక వస్తుంది, కొన్ని సౌకర్యాలు పనిచేయవు. దొంగ ఫోన్లను విప్పి అమ్ముకునేవాళ్లను ఆపడానికి ఇది పనికొస్తుందన్న వాదనలో కొంత నిజం ఉంది. దాని కోసం రెండు పాడైన ఫోన్లను కలిపి ఒక మంచి ఫోన్ చేసుకునే దారి మూసేయడం అన్యాయం. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టం ఇలా భాగాలకు ముడిపెట్టి రిపేరును అడ్డుకోవద్దంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులు పోగా, చేతిలో పట్టే పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి.

చట్టాలతో ఏమవుతుంది అనేవాళ్లు ఛార్జర్ల కథ చూడాలి. ఒకప్పుడు ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్ని రకాల పిన్నులు. ఫోన్లకు 2024 డిసెంబరు 28 నుంచి యూఎస్‌బీ-సీ పోర్టు తప్పనిసరని యూరప్ గడువు పెట్టింది. దానికన్నా ముందే, 2023లో, ఐఫోన్ 15 సీ పోర్టుతో వచ్చింది. ఏళ్ల తరబడి కుదరదన్నది కుదిరింది. కాకపోతే పిన్ను ఒకటైనా కేబుళ్లు ఒకటి కాలేదు. నా సొరుగులో అచ్చం ఒకేలా ఉండే సీ కేబుళ్లున్నాయి. ఒకటి లాప్‌టాప్‌ని ఛార్జ్ చేస్తుంది, ఇంకొకటి చేయదు. ఫోటోలు హార్డ్ డిస్కులోకి ఎక్కించబోతే ఒక కేబుల్‌తో నిమిషాల్లో అయ్యేది ఇంకోదాంతో సాయంత్రం దాకా సాగుతుంది. చాలా ఫోన్ల పెట్టెల్లో వచ్చే కేబుల్ వేగం సెకనుకు 480 మెగాబిట్లే, అంటే 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం. కేబుల్ మీద రెండు అంకెలు అచ్చేయడానికి ఏం పోయేకాలం? మంచి కేబుల్ ఏదో తెలిసేలా నేను మార్కర్‌తో గుర్తు పెట్టుకున్నాను, అది చెరిగిపోతూ ఉంటుంది.

ఇక అప్‌డేట్లు. వీటి మీద నా అభిప్రాయం అంత తేలిగ్గా ఒక వైపుకు రాదు, అమ్మ వల్ల.

ఒకరోజు పొద్దున్నే నాన్న నంబరు నుంచి ఫోన్ వచ్చింది, మాట్లాడింది అమ్మ. "ఒరే, నా ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం రావట్లేదురా. నిన్నటిదాకా పైకి తోస్తే ఎత్తేది." రాత్రికి రాత్రి కాల్ యాప్ ముఖం మారిపోయింది. పైకి తోయడం పోయి పక్కకు జరపడం వచ్చింది. అమ్మకు ఫోన్ వాడటం రాదనుకుంటే పొరపాటు. యూపీఐ పంపుతుంది, బస్సు టికెట్లు తీస్తుంది. కాకపోతే తెర మీద రాసినవి చదువుకుంటూ వాడదు. ఏ బొమ్మ ఎక్కడుందో, వేలు ఎటు కదపాలో చేతికి అలవాటు చేసుకుంది. అలా కుదిరిన అలవాటును ఎవరో డిజైనర్ ఒక్క రాత్రిలో చెరిపేశాడు. ఆవిడకు అది సౌకర్యం పెరిగినట్టు అనిపించలేదు, తనకే ఏదో మతిపోయిందేమో అని భయపడింది. అది నాకు కోపం తెప్పించింది.

"ఈ అప్‌డేట్లు రాకుండా ఆపెయ్‌రా" అంది. ఆపలేదు. బ్యాంకు యాప్ ఉన్నది ఆ ఫోన్‌లోనే. సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ కంతలు పూడ్చకుండా వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే నా ఫిర్యాదు అప్‌డేట్ల మీద కాదు, కంతలు పూడ్చడాన్నీ, ముఖం మార్చడాన్నీ ఒకే పొట్లం కట్టి ఇవ్వడం మీద. కంతలు పూడ్చే అప్‌డేట్ అందరికీ, అడక్కుండా, వెంటనే రావాలి. ముఖం మార్చే అప్‌డేట్ అడిగి రావాలి, వద్దంటే పాత ముఖమే ఉండాలి. విడదీయడం కుదరని పనేమీ కాదు. ఆండ్రాయిడ్‌కు 2015 నుంచి నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు వేరుగానే వస్తున్నాయి. అదే మర్యాద యాప్‌లు ఎందుకు పాటించవు? ఎందుకంటే రెండు ముఖాలను సాకడం ఖర్చు. ఆ ఖర్చు మా అమ్మ నెత్తిన వేస్తున్నారు.

ఎన్నేళ్లు అప్‌డేట్లు అన్న విషయంలో ఈ మధ్య కొంత మేలు జరిగింది. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో ఎస్24తో శామ్‌సంగ్ ఏడేళ్ల మాట ఇచ్చాయి. అయితే ఆ ఏడేళ్లు మనం కొన్న రోజు నుంచి లెక్క కాదు, ఆ మోడల్ మార్కెట్లోకి దిగిన రోజు నుంచి. రెండేళ్ల కిందటి మోడల్ డిస్కౌంట్‌లో దొరికిందని సంబరపడి కొంటే రెండేళ్ల ఆయుష్షు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. నాలుగేళ్లే మాటిచ్చిన ఫోనయితే మిగిలేది రెండు. డిస్కౌంట్ ఎంతో పెద్దక్షరాల్లో రాసేవాళ్లు ఇది రాయరు.

కంప్యూటర్లలో ఇది ఇంకా మొరటుగా జరిగింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి వెళ్లాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం ఉండాలి, ప్రాసెసర్ వాళ్ల జాబితాలో ఉండాలి. 2017కు ముందు వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఏదీ ఆ జాబితాలో లేదు. మెయిళ్లు, బ్రౌజర్, రాతపనులకు నిక్షేపంగా సరిపోయే యంత్రాలవి. నా పాత లాప్‌టాప్ కూడా అలా పక్కన పెట్టాల్సి వచ్చేది, కానీ పెట్టలేదు. డేటా దాచే ఎస్‌ఎస్‌డీ మార్చి, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఈ వ్యాసం దాని మీదే టైప్ చేస్తున్నాను. ఇది అందరికీ చెప్పదగ్గ సలహా మాత్రం కాదు. ప్రింటర్ పలకడానికి నేను పడ్డ పాట్లు చూస్తే మా బావ కొత్త లాప్‌టాప్ కొనుక్కోమనేవాడు.

టీవీల గురించి రెండు ముక్కలు చాలు. ప్యానెల్ పదేళ్లు వస్తుంది, అందులోని సాఫ్ట్‌వేర్ అంతకాలం రాదు. కొన్ని పాత స్మార్ట్ టీవీల్లో 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. మంచి తెర చూసి కొనుక్కుని, వీడియో యాప్‌లు నడిపే చిన్న స్టిక్ ఒకటి దానికి తగిలించుకోవడం మేలు. స్టిక్ ముసలిదైతే స్టిక్ ఒక్కటే మార్చుకోవచ్చు.

కొత్తవి అమ్ముడుపోకపోతే కంపెనీలు కొత్త పరిశోధన ఎలా చేస్తాయి అని ఒక మిత్రుడు అడిగాడు. అమ్మొద్దని ఎవరన్నారు? మంచి కెమెరా వస్తే నేనూ కొంటాను. కావాలనిపించి కొనడానికి, ఉన్నది చేతిలోనే చచ్చిపోయింది కాబట్టి కొనడానికి తేడా ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్కన 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. ఆ చెత్తలో నా టాబ్లెట్ లాంటివి, అంటే ఇంకా వెలుగుతున్నవి ఎన్నున్నాయో.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్‌కు తగిలే పరికరం అమ్మాలంటే సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ప్రకటించి తీరాలి. ఎన్నేళ్లు ఇవ్వాలన్నది చెప్పలేదు, ఎన్నేళ్లిస్తారో చెప్పమంది. నాకు కావలసింది సరిగ్గా ఇదే, అదీ వెబ్‌సైట్ మూలన కాకుండా పెట్టె మీద, ధర పక్కన, అంతే సైజు అక్షరాల్లో. రెండేళ్లని రాసి ఉన్న ఫోన్ పక్కన ఏడేళ్లని రాసి ఉన్న ఫోన్ పెట్టండి, మిగతాది కొనేవాళ్లు చూసుకుంటారు.

అన్నిటికన్నా దిక్కులేనివి కంపెనీ సర్వర్ మీద ఆధారపడి బతికే వస్తువులు. రివాల్వ్ అని ఇంటి దీపాలు, తాళాలు నడిపే హబ్ ఒకటి ఉండేది. దాన్ని కొన్న నెస్ట్ అనే కంపెనీ 2016 మేలో సర్వర్ ఆపేసింది. డబ్బాలు డబ్బాల్లాగే మిగిలాయి. అప్పటినుంచి బల్బు కొన్నా, కెమెరా కొన్నా నేను అడిగేది ఒకటే, నెట్ లేకపోతే ఇది పనిచేస్తుందా? అమ్మేవాళ్లకు ఈ ప్రశ్న అర్థం కాదు. "ఈ రోజుల్లో నెట్ లేకుండా ఎవరుంటారు సార్" అంటారు. నా ఇంట్లో నెట్ ఉంటుంది బాబూ, మీ కంపెనీ ఉంటుందా అన్నదే నా అనుమానం.

కంపెనీ పోయినా వస్తువు బతకడం కుదరని పనేం కాదు. పెబుల్ స్మార్ట్‌వాచీల కంపెనీ 2016 చివర్లో ఫిట్‌బిట్ చేతికి వెళ్లింది, 2018 జూన్ 30న సర్వర్లు ఆగిపోయాయి. ఆ వాచీలంటే ప్రాణం పెట్టే కొందరు కలిసి రెబుల్ పేరుతో సొంత సర్వర్లు నడిపి వాటిని నిలబెట్టారు. తర్వాత ఫిట్‌బిట్‌ను గూగుల్ కొంది. 2025 జనవరిలో గూగుల్ ఆ వాచీ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను ఎవరైనా వాడుకునేలా బయటపెట్టింది. దాన్ని ఆసరా చేసుకుని పెబుల్ స్థాపకుడే మళ్లీ కొత్త వాచీలు మొదలుపెట్టాడు. సర్వర్ ఆపే రోజు కోడ్ వదిలేయాలన్న షరతు అమ్మిన రోజే ఉంటే, ఆ ఆరున్నరేళ్లు అభిమానుల దయ మీద గడపాల్సిన పని ఉండేది కాదు.